చిటికెనవేలి చోటు

నమోదు 1
ఆషాఢం, మొదటి మంగళవారం

రాసుకోమన్నది సువార్త గారు. మబ్బుమిట్ట మీద కుర్చీల గదికి ఆవిడే పెద్ద. "కుర్చీలోంచి లేచాక ఏమనిపించిందో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. నేను చదవను, ఎవరూ చదవరు" అని మా నలుగురికీ తలొక నోటు పుస్తకం ఇచ్చారు. అఖిలేందర్ అప్పుడే తనదాని మీద టీ గ్లాసు పెట్టి గుండ్రటి మరక చేశాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషిని ఇక్కడ నేనొక్కణ్ణే కాబట్టి నేను రాస్తున్నాను.

పొద్దున మంచువలల పని అయింది. ఈ కొండ మీద బావులు లేవు. మబ్బు వచ్చి వలలకు తగులుకుంటే ఆ తడి బొట్టుబొట్టుగా తొట్టిలోకి దిగుతుంది. రోజూ ఒక్కొక్క వలనీ దులిపి, నాచు తుడిచి, మళ్లీ బిగించి కట్టాలి. నా వంతు ఆరు వలలు. పక్క ఆరూ లోహిత్‌వి. తర్వాత రాగి అంబలి, దాని తర్వాత కుర్చీలు.

నా పేరు జశ్విత్. డెబ్భై రెండేళ్లవాడికి ఈ పసిపేరేమిటని లోయలో ఆసుపత్రి నర్సులు నవ్వుతారు. మేం పుట్టిన కాలంలో ఊరూరా ఇలాంటి పేర్లే. మేం కూడా ముసలివాళ్లమవుతామని పెట్టినవాళ్లకి తట్టినట్టు లేదు. మనుషులు కూర్చుని నడిపిన యుద్ధవిమానాల్లో ఆఖరి తరం మాది. మా తర్వాత ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు, సీటే తీసేశారు.

మా పని ఎలా ఉండేదో తెలియాలంటే కుడి చెయ్యి బల్ల మీద బోర్లించి, బొటనవేలు మడిచి, మిగతా నాలుగు వేళ్లూ దగ్గరగా చేర్చి గోళ్లు చూడాలి. నడిమివేలు లీడర్, మా సంహిత మేడమ్. చూపుడువేలు రెండో నెంబరు, అఖిలేందర్. ఉంగరపు వేలు మూడో నెంబరు, నేను. చిటికెనవేలు నాలుగో నెంబరు, లోహిత్. నాలుగు విమానాలూ ఆ వరసలోనే, రెక్కకీ రెక్కకీ మధ్య రెండు బారల ఎడంతో, గంటకు ఏడొందల కిలోమీటర్ల వేగంతో పోయేవి. దారి చూసేది లీడర్ ఒక్కరే. రెండూ, మూడూ లీడర్‌ని చూస్తాయి. నాలుగు మూడుని చూస్తుంది. ఇంకెటూ చూడకూడదు. పన్నెండేళ్లు దేశం మీద తిరిగాను గానీ పైనుంచి గోదావరి ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేను. మేడమ్ విమానం రెక్క కింద మేకులు ఎన్నో అడిగితే చెబుతాను.

ఇప్పుడు ఎగిరేవి కొంగలు. మనిషి నడపని తెల్లటి విమానాలు, ఒక్కోదాంట్లో ఒక రోగికి పడక. పైన ఉపగ్రహాలు ఒకదాన్నొకటి గుద్దుకుని పొడైపోయాక, ఏ విమానం ఎక్కడుందో చెప్పే దిక్కు లేదు. కొండల్ని పోల్చుకునే యంత్రపు కన్ను అరుదైన వస్తువు, అది మొదటి కొంగకే ఉంటుంది. మిగతావి ముందున్నదాన్ని చూసుకుంటూ, డెల్టా లంకల నుంచి మబ్బుల్లోంచి ఈ లోయలో ఆసుపత్రికి రావాలి. ఆ చూడటం ఎలాగో నేర్పేది మేం. మంగళ, శుక్రవారాల్లో కుర్చీల్లో కూర్చుని, నెత్తికి పట్టీ కట్టుకుని, పాత ప్రయాణం ఒకటి నలుగురం కలిసి గుర్తు చేసుకుంటాం. ఎవరి చోటు వాళ్ల జ్ఞాపకంలోంచి వస్తుంది, ఆకాశం మటుకు నలుగురికీ ఒకటే. మేం తలుచుకుంటాం, కొంగలు నేర్చుకుంటాయి.

పట్టీ కట్టగానే చేతికి విమానాన్ని తిప్పే స్టిక్ తగులుతుంది. డెబ్భై రెండు పోయి ముప్పై వచ్చేస్తుంది. మోకాళ్ల నొప్పి ఉండదు. ఇందుకోసమే బతుకుతున్నానంటే అబద్ధం కాదు. ఇవాళ అంతా చక్కగా జరిగింది.

నమోదు 3
ఆషాఢం, రెండో మంగళవారం

ఒక తేడా కనిపించింది.

మూడో నెంబరు కళ్లు లీడర్ మీదే ఉండాలి గానీ, తల పైన చట్రానికి ఒక చిన్న అద్దం ఉంటుంది. అందులో అప్పుడప్పుడూ అర క్షణం చూసుకోవచ్చు, వెనక నాలుగు ఉన్నాడా లేడా అని. ఇవాళ చూస్తే లోహిత్ ఉండాల్సిన చోట లేడు. ఒక మూర వెనక్కున్నాడు. లోహిత్ అంటే చోటు తప్పని మనిషి. పిడుగులు పడే మబ్బులో కూడా అద్దానికి అతికించిన బొమ్మలా ఉండేవాడు.

భోజనాల దగ్గర, "ఒంట్లో బాగుందా?" అని అడిగాను.

"బాగుండాదన్నా. నీకు?" అన్నాడు. లోహిత్‌ది కదిరి దగ్గర. నాకన్నా రెండు బ్యాచ్‌లు చిన్న. మనిషి మెత్తన, మాట తక్కువ.

సాయంత్రం నా వలలు దులుపుదామని వెళ్తే అప్పటికే నాచు తుడిచి, బిగించి కట్టి ఉన్నాయి. ఎవరు చేశారని అడిగితే లోహిత్ కాసేపు నన్నే చూసి, "పొద్దున నువ్వే చేసినావు కదన్నా" అన్నాడు. చేసింది తనే అయ్యుండాలి. తన వలలేవో, నా వలలేవో కూడా పోల్చుకోలేకపోతున్నాడన్నమాట.

నమోదు 4
ఆషాఢం, రెండో శుక్రవారం

జ్ఞాపకం జారినవాళ్లని ఈ మిట్ట మీద ఉంచరు. పోయినేడు ఇంకో నలుగురిలో రెండో నెంబరు ఆయనకి అలాగే అయింది. కుర్చీ తీసేసి లోయలో విశ్రాంతి ఇంటికి పంపారు. అక్కడ తిండికీ మందుకూ లోటు లేదు. కుర్చీ ఉండదు, అంతే. ఒకసారి చూడటానికి వెళ్లాను. మంచం అంచున కూర్చుని, లేని స్టిక్‌ని కుడిచేత్తో పట్టుకుని కదుపుతున్నాడు. ఎక్కువసేపు ఉండలేక వచ్చేశాను.

లోహిత్‌కి భార్య పోయింది, పిల్లల్లేరు. మంగళవారం, శుక్రవారం తప్ప అతనికి వేరే వారాల్లేవు. కుర్చీ పోతే ఆ మనిషి ఏడాది బతకడు.

ఇవాళ అద్దంలో మళ్లీ వెనకే ఉన్నాడు. నేను ఆలోచించలేదు, చెయ్యే ఆలోచించింది. మెల్లగా నేనూ ఒక మూర వెనక్కి జారాను. మేడమ్ నుంచి నాదాకా, నా నుంచి లోహిత్ దాకా తాడు కట్టినట్టు తిన్నగా కుదిరింది. వరస వంకర పోతేనే యంత్రం గోల చేస్తుంది. తిన్నగా ఉంటే ఊరుకుంటుంది. సువార్త గారు తెర చూసి, "బాగుందండీ" అన్నారు.

వెనకవాడు తడబడితే వాడి పరువు కాపాడేది మూడో నెంబరే. రిటైరైతే మాత్రం ఆ అలవాటు పోతుందా? మనసు తేలికపడింది. అంబలి రెండు గ్లాసులు తాగాను.

నమోదు 8
ఆషాఢం, నాలుగో శుక్రవారం

ఇది ఇంతటితో ఆగేలా లేదు. నేను ఒక మూర జరిగితే లోహిత్ ఇంకో మూర జరుగుతున్నాడు. అతణ్ణి కలుపుకుందామని నేను మళ్లీ జరుగుతున్నాను. పెళ్లిపందిట్లో ఇద్దరు పెద్దమనుషులు మీరు ముందంటే మీరు ముందని వెనక్కి వెనక్కి నడిచినట్టుంది మా వ్యవహారం.

మధ్యాహ్నం భోజనం దగ్గర అఖిలేందర్ అందుకున్నాడు. అతనిది జనగామ వైపు, నోట్లో మాట దాగదు. "ఏందన్నా, మేడమ్ అవతల మీరిద్దరు గంత దూరం దూరం వోతున్నరు? కొట్లాడిన్రా ఏంది?"

"నీ చూపు నీ లీడర్ మీద పెట్టుకో" అన్నాను.

సంహిత మేడమ్ ముద్ద కలపడం ఆపారు. డెబ్భై నాలుగేళ్లు వచ్చినా ఆవిడ చూస్తే ఇప్పటికీ వెన్ను నిటారుగా అవుతుంది. "కుడివైపు బాగానే ఉందా జశ్విత్?"

"బాగుంది మేడమ్" అన్నాను. నా జన్మలో లీడర్‌తో ఆడిన మొదటి అబద్ధం అది. లోహిత్ ఒకసారి నా వంక చూసి, మళ్లీ కంచంలోకి చూసుకున్నాడు. నేను దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. పాపం లోహిత్‌కి ఇవేవీ తెలియవు కదా అనుకున్నాను.

పక్కకి పిలిచి అడిగేస్తే పోతుందని రెండుసార్లు లేచాను. ఏమని అడగాలి? మాకు ఆ అలవాటు లేదు. ఆకాశంలో మాట్లాడేది లీడర్ ఒక్కరే. ఆవిడ ఏదైనా చెబితే మేం వరసగా "రెండు", "మూడు", "నాలుగు" అంటాం, విన్నామని. పన్నెండేళ్లలో గాలిలో లోహిత్‌తో నేను ఒక్క మాట ఆడలేదు. నేల మీద మాత్రం ఏం మాట్లాడుకున్నాం, సినిమాలూ కూరలూ.

నమోదు 10
శ్రావణం, మొదటి శుక్రవారం

ఇవాళ గుర్తు చేసుకున్నది కాకినాడ తీరం మీద వానాకాలపు మబ్బు. సముద్రం మీంచి తిరిగి వస్తున్నాం. నలుగురికీ ఇంధనం అంతంతమాత్రం. రన్‌వే మీద మబ్బు పందిరేసినట్టు దిగి ఉంది. మేడమ్ అందులోకి దించారు. మేం వెంట దిగాం.

మబ్బులో ఒళ్లు అబద్ధం చెబుతుంది. విమానం తిన్నగా పోతున్నా పక్కకి ఒరిగిపోతున్నట్టు, తలకిందులైనట్టు ఉంటుంది. సరిచేసుకో, సరిచేసుకో అని ప్రతి నరమూ అరుస్తుంది. దాని మాట వింటే చచ్చామే. నీ ఒళ్లు చెప్పేది కాదు, లీడర్ రెక్క చెప్పేదే నిజమని మాకు మొదటి ఏడాదే నూరిపోశారు. ఆ రోజు పది నిమిషాలు నాకు లోకమంటే మేడమ్ రెక్క చివరన వెలిగే ఒక ఆకుపచ్చ దీపం. అది ఎటు పోతే అటు. అది కొండకి గుద్దుకుంటే నేనూ గుద్దుకునేవాణ్ణి, నా వెనక లోహిత్ కూడా. ఇందులో గొప్పేమీ లేదు, అలా నమ్మడమే ఉద్యోగం.

దిగాక స్టిక్ మీంచి నా వేళ్లు విడిపోలేదు. లోహిత్ మెట్లెక్కి వచ్చి ఒక్కొక్క వేలూ విప్పాడు. అప్పుడు అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. అదంతా నిన్న జరిగినట్టుంది. ఇంత స్పష్టంగా గుర్తున్నవాణ్ణి కాబట్టే ఈ నలుగురినీ మోయగలుగుతున్నాను.

నాకూ లోహిత్‌కీ మధ్య మొదటివారం రెండు బారలున్న ఎడం ఇవాళ ఆరు బారలుంది. వరస మటుకు తిన్నగానే ఉంది.

నమోదు 11
శ్రావణం, రెండో మంగళవారం

నాలుగో కొంగ రాలేదు.

పొద్దున లంకల నుంచి నాలుగు బయల్దేరాయి. కనుమ దగ్గర చిక్కటి మబ్బు. మొదటి మూడూ దిగాయి. నాలుగోదానికి ముందున్న మూడోది కనిపించలేదు. మా దగ్గర నేర్చుకున్నట్టే అది ఆరు బారల వెనక ఉంది. ఆ మబ్బులో నాలుగు బారలు దాటితే ఏమీ ఆనదు. అది దారి వదిలేసి, దొరికిన చదునులో కాఫీ తోటల మధ్య దిగిపోయింది. మనుషులు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఐదు గంటలు పట్టింది.

లోపలున్నది మరిడమ్మ అని, పడవల అడుగుకి కీలు, అదే తారు, కొట్టే మనిషి. రెండు పడవల మధ్య కుడిచెయ్యి నలిగింది. గంటలో తెస్తే చెయ్యి నిలిచేదట. మణికట్టు దాకా తీసేశారు.

ఈ కబురు చెప్పింది సువార్త గారు. "ఆ ఎడం ఎక్కడ నేర్చుకుందో నాకు అర్థం కావడం లేదు" అన్నారు. సంహిత మేడమ్ నా వంక చూశారు. లోహిత్ లేచి బయటికి వెళ్లిపోయాడు. నాకు తెలుసు ఎక్కడ నేర్చుకుందో.

నమోదు 12
మర్నాడు, బుధవారం

సువార్త గారి గదికి వెళ్లి తలుపు వేశాను. చెప్పేశాను. లోహిత్‌కి జ్ఞాపకం జారుతోందనీ, ఐదు వారాలుగా నేను కప్పిపుచ్చుతున్నాననీ, నేర్పిన పాఠాలన్నీ చెరిపెయ్యమనీ, శిక్షేదైనా ఉంటే నాకు వెయ్యమనీ. అతణ్ణి మటుకు కిందికి పంపొద్దని బతిమాలాను. అంతా చెప్పాక స్నేహితుణ్ణి పోలీసులకు పట్టిచ్చినంత నీచంగా అనిపించింది.

ఆవిడ తెర నా వైపు తిప్పారు. నాలుగు కుర్చీల్లో ఎవరి చెయ్యి, ఎవరి చూపు ఎప్పుడెలా కదిలిందో విడివిడిగా ఉంటుందట. వరస తిన్నగా ఉందని ఇన్నాళ్లూ దాన్ని తెరిచి చూడలేదట. ఇప్పుడు తెరిచారు. తెర మీద నాలుగు చుక్కలు.

"ఇది ఆషాఢం మొదటి మంగళవారం. మీరే చూడండి" అన్నారు.

పదకొండో నిమిషంలో మేడమ్ ఎడమకి తిరిగారు. రెండో చుక్క ఆవిడతో పాటే తిరిగింది. మూడో చుక్క ఆగింది. ఏం చెయ్యాలో తోచనట్టు ఆగి, ఒక మూర వెనకబడి, మెల్లగా అందుకుంది. ఇంకో మలుపు. మళ్లీ ఆగింది. నాలుగో చుక్క దాన్ని వదలకుండా వెంట తిరిగి, కాస్త ఎడం పెంచుకుంది. ముందువాడి చెయ్యి నిలకడగా లేకపోతే వెనకవాడు కాస్త ఎడం వదలాలి. సైకిల్ మీద తూలుతూ పోయేవాడి వెనక మనం వదలమూ, అలాగే.

ఆ ఎడాన్ని నేను అద్దంలో చూసి లోహిత్ వెనకబడ్డాడనుకున్నాను. అతణ్ణి కాపాడదామని వెనక్కి జరిగాను. నేను మళ్లీ జారానని అతను మళ్లీ ఎడం వదిలాడు. అలా జరిగి జరిగి ఆరు బారలు.

"అయితే లోహిత్ తప్పేమీ లేదా?" అన్నాను.

"ఆయన ఒక్క క్షణం కూడా మిమ్మల్ని వదల్లేదు జశ్విత్ గారూ" అన్నారు ఆవిడ. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ నోటు పుస్తకాలు నలుగురికీ ఇచ్చింది ఎవరి కోసమో నాకే తెలియదు. ఈ వయసులో ఎవరో ఒకరికి అవసరం పడుతుందని ఇచ్చాను."

గదికి వచ్చి ఈ పుస్తకం మొదటి నుంచీ చదివాను. వలలు నేనే దులిపాను. పొద్దున దులిపి, సాయంత్రం మళ్లీ వెళ్లాను. అందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడిందట. మా అమ్మమ్మ అంటుంటే నవ్వేవాణ్ణి.

నమోదు 13
శ్రావణం, మూడో మంగళవారం

కుర్చీల గదికి తాళం. పాత పాఠాలు చెరిపి మళ్లీ మొదటి నుంచి నేర్పాలట. అందాకా కొంగలు మబ్బు లేని పూట మాత్రమే ఎగురుతున్నాయి. మబ్బు లేని పూటలు శ్రావణంలో ఎన్నుంటాయి? లంకల్లో ఎవరెవరు ఎదురుచూస్తూ పడి ఉన్నారో తలుచుకుంటే తిండి దిగడం లేదు.

మేడమ్ నా గదికి వచ్చారు. కూర్చోలేదు. "నువ్వు కిందికి వెళ్లాలి జశ్విత్. పై ఆదివారం. లోహిత్ మూడుకి మారతాడు. నాలుగుకి వేరే వరస నుంచి ఒకరు వస్తున్నారు" అన్నారు. "నీ గొంతులో అబద్ధం నాకు తెలిసింది. అడగలేదు. నిన్ను పోగొట్టుకోవడం ఇష్టం లేక అడగలేదు. ఆ అమ్మాయి చెయ్యి నా లెక్కలో కూడా ఉంది" అన్నారు. వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ ఎప్పుడూ అలా చెయ్యరు.

లోహిత్‌తో మాట్లాడి ఆరు రోజులైంది. అతను వస్తుంటే నేను లేచిపోతున్నాను. కోపంగా ఉంది. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు? పిచ్చివాణ్ణి చేశాడు. ఇలా రాస్తున్నాను గానీ ఇది కోపం కాదు, సిగ్గు. ముప్పై ఏళ్లవాణ్ణనుకుని ఆ కుర్చీలో కులికినందుకు సిగ్గు.

నమోదు 14
శ్రావణం, మూడో గురువారం

లోయకి దిగి ఆసుపత్రికి వెళ్లాను. దారి మరిచిపోతానేమోనని చీటీ మీద రాసుకున్నాను.

మరిడమ్మకి నలభై ఉంటాయేమో. కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఎడమచేత్తో దువ్వెన పట్టుకోవడం నేర్చుకుంటోంది. నేనెవరో చెప్పాను. ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పాను, చేతివేళ్లు బోర్లించి చూపించి మరీ. తిడుతుందని వెళ్లాను. తిడితే బాగుండునని వెళ్లాను.

ఆవిడ అంతా విని, "మరి మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారాండీ?" అంది.

"పక్కపక్క గదులమ్మా."

"ఒకే చోట తింటారా?"

"మూడు పూటలా."

"మూడు పూటలా ఎదురుబొదురు కూర్చుని అన్నం తింటా, ఒక్కపూట నోరిప్పి అడగలేదాండీ? ఆయన మిమ్మల్ని, మీరు ఆయన్ని?" అంది. గొంతు పెంచలేదు. "ఆ ఒక్క మాట ఆడుంటే నా చెయ్యి ఉండేది కదండీ."

ఆకాశంలో మాట్లాడుకోం అని చెప్పబోయి ఊరుకున్నాను. కట్టు కట్టిన ఆ చేతిని చూస్తూ ఆ ముక్క అనడానికి నోరు రాలేదు. క్షమించమని అడిగాను. ఆవిడ క్షమించాననలేదు, ఎందుకంటుంది. దువ్వెన జారి కిందపడితే తీసి ఇచ్చాను.

లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది. "ఇప్పుడైనా చెప్పారాండీ ఆయనకి? మర్చిపోతన్నానని?"

"మొదట్నుంచీ వెనక నుంచి చూస్తూనే ఉన్నాడమ్మా. అతనికి తెలుసు."

"తెలవడం ఏరు, చెప్పడం ఏరండీ" అంది.

నమోదు 15
అదే రోజు సాయంత్రం

వంట వంతు లోహిత్‌ది. వంటగదిలో పీట మీద కూర్చుని సొరకాయ తరుగుతున్నాడు. నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. వెళ్లిపోతానేమోనని అతను తల ఎత్తలేదు.

"లోహిత్, నాకు గుర్తుండటం లేదు" అన్నాను.

కత్తి ఆగింది. "తెలుసన్నా."

"నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా నా నోటితో నేను చెప్పాలి. పొద్దున చేసింది సాయంత్రానికి ఉండటం లేదు. మలుపులో చెయ్యి ఎటు తిప్పాలో వెతుక్కోవాల్సి వస్తోంది. ఇవాళ ఆసుపత్రికి చీటీ చూసుకుంటూ వెళ్లాను. నాకు భయంగా ఉంది."

ఇంతే. నాలుగు ముక్కలు. ఒక మనిషి చెయ్యి ఖరీదు చేసిన మాటలు ఇంత చిన్నవి.

లోహిత్ కళ్లు తుడుచుకున్నాడు. "నేను చెప్పాల్సిందన్నా. మొదటి రోజే కనపడింది నాకు. చెప్తే నిన్ను కిందికి పంపిస్తారని భయపడితి. నువ్వు యాడికి పోతే ఆడికి వచ్చేదే కదా నా పని, ఇంగ మాట్లాడేదేముంది అనుకుంటి. ఆ యమ్మ చెయ్యి పోయినప్పట్నించి నాకు అన్నం సయిస్తాలేదు. నువ్వొక్కడివే మోయాకు, సగం నాది."

"సగం నీది" అన్నాను. అలా ఒప్పుకుంటేనే అతనికి ఊరట అని తెలుసు.

ఇంకో పీట లాక్కుని కూర్చున్నాను. ఎన్ని రోజులుగానో దాచుకున్నదాన్ని కూడా చెప్పేశాను. "కుర్చీ పోయినందుకు కాదు లోహిత్. మొన్నటివి పోతున్నాయి, రేపు పాతవి పోతాయి. ఆ మబ్బు, ఆ ఆకుపచ్చ దీపం, నువ్వు. నిన్ను చూసి ఎవరు నువ్వు అనే రోజు వస్తుంది. అప్పుడు నేను ఎగిరానన్న సంగతి ఎక్కడుంటుంది?"

అతను సొరకాయ ముక్కలున్న పళ్లెం పక్కకి జరిపాడు. లోహిత్ ఏదైనా నింపాదిగానే అంటాడు.

"నీ దగ్గర అది ఎప్పుడుండింది గనకన్నా? నువ్వు చూసింది మేడమ్‌ని. నిన్ను చూసింది నేను. పన్నెండేండ్లు నీ తలకాయి, నీ రెక్క తప్ప ఇంగేమీ చూడలేదు నేను. నువ్వు యా మలుపులో ఎట్ల వంగేవాడివో, భయమేస్తే నీ రెక్క ఎట్ల అదిరేదో, దిగేముందు తల ఎట్ల ఊపేవాడివో నీకే తెల్దు. అంతా నా కాడ ఉండాది. నువ్వు మర్సిపోతే పో. నేను ప్రతి ఆదివారం కిందికొచ్చి చెప్తా."

"నేను బాగా ఎగిరేవాణ్ణా?" అన్నాను. డెబ్భై రెండేళ్లకి ఆ మాట మొదటిసారి అడిగాను, అదీ వంటింట్లో.

"మొదట్నించి చెప్తా, ఉండు" అని చేతులు తుడుచుకుని, లోహిత్ పీట తిప్పుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.